బడ్జెట్ కారా, ఖరీదైన కిట్టా? డెల్టా మట్టిలో డర్ట్ ఓవల్ మొదలుపెట్టేవాళ్లకి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. పాలకొల్లు దగ్గర నలుగురు స్నేహితులు కలిసి దాళ్వా కోతలయ్యాక ఖాళీ చేలో ఓవల్ ట్రాక్ (కోలగా ఉండే మట్టి ట్రాకు, డర్ట్ ఓవల్ అంటే అదే) వేసి ఆర్సీ కార్లు, అంటే రిమోట్‌తో నడిచే రేసు కార్లు తిప్పుదామనుకుంటున్నారు. ఒకడు ట్రాక్సస్ స్లాష్ లాంటి రెడీమేడ్ కారు చాలంటున్నాడు, ఇంకొకడు అమెరికా వీడియోలు చూసి కస్టమ్ వర్క్స్ అనే కంపెనీ అమ్మే డర్ట్ ఓవల్ రేసు కిట్టే కావాలని పట్టుబట్టాడు, "ఒకేసారి మంచిది కొనేస్తే మళ్లీ మళ్లీ కొనే పని ఉండదు కదన్నా" అని నువ్వు. సూటిగా చెప్తాను. నలుగురూ ఒకే మోడల్ చవక కారు కొనండి, టూ వీల్ డ్రైవ్, వెనక చక్రాలకే పవర్ వెళ్లేది. మిగిలిన డబ్బు చార్జరు, బ్యాటరీలు, టైర్లు, రేడియో మీద పెట్టండి. కిట్టు సంగతి ఒక సీజన్ అయ్యాక మాట్లాడుకుందాం. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

ముందు ఆ "మళ్లీ కొనే పని ఉండదు" అన్న మాట తీసెయ్. రేసు కిట్టు పెట్టె తెరిస్తే అందులో కారు ఉండదు. ఛాసిస్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ ముక్కలు కవర్లలో ఉంటాయి, పుస్తకం చూసుకుంటూ నువ్వే బిగించుకోవాలి. మోటారు, ఈఎస్సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె), సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు), రేడియో (చేతిలో పట్టుకునే రిమోట్), బ్యాటరీ, చార్జరు అన్నీ వేరే బిల్లు. చాలా కిట్లకి టైర్లు, బాడీ కూడా వేరేనే, బాడీ కొన్నా అది రంగు లేని లెక్సాన్ అనే ప్లాస్టిక్ రేకు, లోపలివైపు నుంచి రంగు కొట్టి అంచులు కత్తిరించుకోవాలి. వెబ్‌సైట్‌లో కనిపించే కిట్టు ధర చూసి మనవాడు ఊగిపోతున్నాడు గాని, కారు నేలమీద కదిలేసరికి దానికి రెట్టింపు అవుతుందనుకుని బయల్దేరండి.

దానికి తోడు కస్టమ్స్. మన దేశంలో బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు, పైన జీఎస్టీ ఉండనే ఉంది. నీ పార్సిల్ ఏ లెక్కలోకి వస్తుందనేది అక్కడ కూర్చున్నవాళ్లు తేలుస్తారు, అందుకే ఆర్డర్ పెట్టే ముందు అప్పటి రేట్లు కనుక్కో, డాలర్ ధరని రూపాయల్లోకి మార్చుకుని అదే ఖర్చనుకోవద్దు. అసలు దెబ్బ కారు కొన్నరోజు కాదు, శనివారం సాయంత్రం చక్రాన్ని పట్టుకుని ఉండే ఆర్మ్ ఒకటి విరిగితే తెలుస్తుంది. చిన్న ప్లాస్టిక్ ముక్క, దాని కోసం అమెరికా నుంచి పార్సిల్, ఈలోగా కాలవలకి నీళ్లు వదిలేస్తారు, చేలో దమ్ము మొదలవుతుంది, సీజన్ అయిపోయినట్టే. స్లాష్ 2008 నుంచీ మార్కెట్లో ఉంది, ప్రపంచంలో ఎక్కువ అమ్ముడైన ఆర్సీ ట్రక్కుల్లో ఒకటి, దాని పార్టులు మన దేశంలోనే హాబీ షాపుల్లో దొరుకుతాయి, వేరే కంపెనీలవాళ్లు చేసినవీ సరిపోతాయి. నలుగురి దగ్గరా అదే బండి ఉంటే ఒకడి డబ్బాలో ఉన్న స్పేర్ ఇంకొకడికి పనికొస్తుంది. ఈ ఒక్క కారణమే చాలు నా దృష్టిలో.

ఇప్పుడు ఖరీదైన కారుకి ఇచ్చే డబ్బు దేనికి పోతుందో చూద్దాం, ఎందుకంటే అది దండగ అని నేననట్లేదు. డర్ట్ ఓవల్లో కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. తిరిగినప్పుడల్లా బరువంతా కుడివైపు చక్రాల మీదకి వాలుతుంది, కాబట్టి అసలైన ఓవల్ కారుని మొదటి నుంచీ వంకరగానే కడతారు. బరువు ఎడమవైపు ఎక్కువ, నాలుగు మూలలా వేర్వేరు స్ప్రింగులు, కుడి వెనక టైరు ఎడమదానికంటే కాస్త పెద్దది. ఈ పెద్ద చిన్న టైర్ల వ్యవహారాన్ని స్టాగర్ అంటారు. కాగితం టీ కప్పుని నేలమీద దొర్లిస్తే అదంతట అదే గుండ్రంగా తిరుగుతుంది చూడు, లెక్క అదే. అయితే అది పూర్తిగా పనిచేసేది రెండు వెనక చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉన్న నిజం స్ప్రింట్ కార్లలో, అంటే మట్టి ట్రాకుల మీద మనుషులు నడిపే రేసు కార్లలో. మన ఆర్సీ కార్లలో ఎక్కువగా ఆ రెండు చక్రాల మధ్యలో డిఫ్ (డిఫరెన్షియల్) అనే గేర్ల అమరిక ఉంటుంది కాబట్టి రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగగలవు, స్టాగర్ ప్రభావం కొంత తగ్గి, ఆ మూల ఎత్తు మారడం వల్ల వచ్చే తేడాయే ఎక్కువ కనిపిస్తుంది. వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

మంచి కిట్టులో బ్యాటరీని ఎడమకీ, ముందుకీ, వెనక్కీ జరుపుకోవచ్చు. కేంబర్ (చక్రం పక్కకి ఒరిగే కోణం) సర్దే లింకుకి బోలెడు రంధ్రాలు. షాకులు (షాక్ అబ్జార్బర్లు) నున్నగా, లీకు లేకుండా, నాలుగూ ఒకేలా పనిచేస్తాయి. బాల్ డిఫ్ (గేర్లకి బదులు చిన్న స్టీలు గుళ్లతో పనిచేసే డిఫ్) బిగువు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. అంటే నువ్వు పోసే డబ్బులో పెద్ద భాగం సర్దుబాట్లకి పోతుంది. సరే, ఒక సర్దుబాటు వల్ల ల్యాపుకి పదో వంతు సెకను కలిసొచ్చిందనుకుందాం. నువ్వు తిప్పే ల్యాపులే ఒకదానికీ ఇంకొకదానికీ సెకను తేడాతో పడుతుంటే ఆ పదో వంతు నీకెలా తెలుస్తుంది? తెలియదు. తెలియనప్పుడు ఏం చేస్తారంటే, నాలుగు స్క్రూలు ఒకేసారి తిప్పి, కారు మారిందనుకుని, రెండో బ్యాటరీకి మళ్లీ అన్నీ తిప్పి, చివరికి కారు పాడైందంటారు. కొత్తవాళ్లు ఖరీదైన కారుతో ఎక్కువ అవస్థ పడేది ఇక్కడే. చవక కారులో తిప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, అదే దాని మేలు, నీ దృష్టంతా చేతిమీదే ఉంటుంది.

రెండో సంగతి మన మట్టి. అమెరికాలో బాగా నడిచే ట్రాకుల్లో బంకమట్టి తెచ్చి పరిచి, తడిపి, రోలర్ వేసి, రేసుల మధ్యలో మళ్లీ తడిపి ఒక పద్ధతిగా చూసుకుంటారు. కొన్నిచోట్ల తేమ పోకుండా కాల్షియం క్లోరైడో మెగ్నీషియం క్లోరైడో కలుపుతారు. (ఇది చదివి పొలంలో ఉప్పు చల్లేవు, ఆ రైతు నిన్ను కాలవలో ముంచుతాడు.) వాళ్ల ట్రాకు మొదటి రేసుకీ చివరి రేసుకీ మధ్య ఎలా మారుతుందో డ్రైవర్లకి ఒక అంచనా ఉంటుంది. డెల్టాలో మన చేలు ఒండ్రు బంకమట్టి. ఏప్రిల్, మే ఎండకి ఎండిపోయి నెర్రెలు విచ్చుతాయి, వరి కొయ్యకాళ్లు గట్టిగా నిలబడి ఉంటాయి. రోటవేటర్ వేయించి, చదును చేసి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, పీపాలో నీళ్లు నింపి దొర్లిస్తే పొద్దున్నే ఆరింటికి పైన నల్లగా, వేలితో నొక్కితే గుర్తు పడేలా, చేతికి మాత్రం అంటకుండా ఉంటుంది. ఆ స్థితిలో ట్రాకు అద్భుతం, ఏ టైరైనా పట్టేస్తుంది. ఎండెక్కేసరికి పైపొర బూడిద రంగుకి మారుతుంది, కార్లు తిరిగే దారిలో మట్టి పొడైపోయి మలుపు బయటివైపుకి పోగవుతుంది, పది గంటలకి అదే మలుపులో కారు సబ్బునీళ్ల మీద ఉన్నట్టు జారుతుంది. పొద్దున్న పెట్టిన సెట్టింగు పదింటికి పనికిరాదు. ఇంత తొందరగా మారిపోయే నేలమీద పదో వంతు సెకన్ల కోసం లక్ష పెట్టడంలో అర్థం లేదు, ముందు ట్రాకుని ఒక దారికి తెచ్చుకోవాలి.

ఇంకోటి, అసలైన ఓవల్ కారు నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. చదునైన గట్టి ట్రాకు మీద అది గొప్ప. మన చేలో రెండు బ్యాటరీలు అయ్యేసరికి గాడులు పడతాయి, పొట్ట నేలకి తగిలి కారు గెంతుతుంది, నెర్రెలో చక్రం పడితే ఆర్మ్ పోతుంది. స్లాష్ పుట్టడమే షార్ట్ కోర్స్ ట్రక్కుగా, గతుకుల్లో పరిగెత్తి గెంతడానికి, కాబట్టి ఎత్తుగా ఉంటుంది, దెబ్బలకి తట్టుకుంటుంది. ఓవల్లో ఆ ఎత్తే లోపం, మలుపులో ఒళ్లంతా వాలిపోతుంది. దాన్ని కొంత కిందికి దించుకోవచ్చు, అది చెప్తాను. ఈ స్లాష్ ఆధారంగానే ట్రాక్సస్ వాళ్లు మడ్‌బాస్ అని డర్ట్ ఓవల్ బాడీతో ఒకటి తెచ్చారు, మీకు దొరికితే, ధర కుదిరితే అదే తీసుకోండి, సగం పని తగ్గుతుంది.

వీలైతే లంక భూమి చూడండి. గోదావరి పాయల మధ్య ఇసుక కలిసిన ఒండ్రు ఉన్నచోట నెర్రెలు తక్కువ, నీళ్లు తొందరగా ఇంకుతాయి, కాకపోతే పట్టు త్వరగా పోతుంది. బంకమట్టి చేలో కొంచెం ఇసుక కలిపి దున్నిస్తే మధ్యస్తంగా వస్తుంది. కొబ్బరి పీచు తీసేచోట మిగిలే పొట్టు తేమని బాగా పట్టి ఉంచుతుంది, కోనసీమలో దానికి కొదవేముంది, పలచగా చల్లి కలిపేయండి, ఎక్కువైతే మెత్తగా స్పాంజిలా అయిపోతుంది. సంక్రాంతికి బరుల కోసం చదును చేసిన నేల పండగయ్యాక ఖాళీగానే ఉంటుంది, దాని పూర్వకథ మనకెందుకు గాని, నేల మాత్రం బాగా తొక్కి గట్టిపడి ఉంటుంది. చెరువు గట్లమీద మాత్రం వద్దు, రొయ్యల చెరువులో పడిన కారు దొరికినా ఎలక్ట్రానిక్స్ దక్కవు. వాటర్‌ప్రూఫ్ అని పెట్టె మీద రాసి ఉన్నది చినుకులకీ బురదకీ, ఉప్పునీళ్లలో మునగడానికి కాదు.

చవక కారు అంటే ఇంకా చవకవి కూడా చూస్తావని తెలుసు. డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 లాంటివి, 1/14 సైజు, నాలుగు చక్రాలకీ పవర్. ఆ ధరకి చాలా మంచి బొమ్మ, నిజమే. కాని నాలుగు చక్రాల కారు మలుపులో ముందు చక్రాలతో లాక్కుపోతుంది, థ్రాటిల్ నొక్కి గట్టెక్కేయొచ్చు. డర్ట్ ఓవల్ కిటుకంతా వెనక జారుతున్న కారుని థ్రాటిల్‌తో అదుపులో పెట్టడంలో ఉంది, అది టూ వీల్ డ్రైవ్‌లోనే చేతికి వస్తుంది. పైగా చిన్న చక్రాలు నెర్రెల్లో చిక్కుకుంటాయి. నలుగురూ అదే కొంటే రేసు సరదాగానే ఉంటుంది, కాదనను, డబ్బు బాగా ఇబ్బందైతే అదే కొనుక్కోండి, ఒకడు ఇదీ ఒకడు అదీ మాత్రం కొనకండి.

ఇప్పుడు పొదుపు చేయకూడనివి. మొదటిది చార్జరు. 2ఎస్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో రెండు సెల్స్, ఒక్కోటి నిండితే 4.2 వోల్టులు, మొత్తం 8.4. రెండు సెల్స్‌నీ విడివిడిగా చూసుకుంటూ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరు ఉండాలి. కారుతో పాటు వచ్చే గోడ చార్జరు గంటల తరబడి తీసుకుంటుంది, కొన్నిటికి ఎప్పుడు ఆపాలో కూడా తెలియదు. సామర్థ్యానికి సమానమైన కరెంటుతోనే ఎక్కించు, అంటే 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు. పక్కన మనిషి లేకుండా చార్జింగ్ పెట్టకు. వారం వాడకపోతే సెల్‌కి 3.8 దగ్గర ఉంచు, మంచి చార్జర్లలో దానికి స్టోరేజ్ అని మోడ్ ఉంటుంది. మే నెలలో కారు డిక్కీలో, బండి సీటు కింద బ్యాటరీ వదిలేసి వెళ్లేవాళ్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. గట్టి ప్లాస్టిక్ కేసు ఉన్న బ్యాటరీలే తీసుకోండి, మెత్తటి ప్యాకులు డ్రోన్లకి సరే గాని రాళ్లు తగిలే కారుకి వద్దు. విదేశీ షాపులు చాలావరకు లైపోలు మనకి పంపవు, ఇక్కడ డ్రోన్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర అడిగితే 2ఎస్ హార్డ్‌కేస్ దొరుకుతుంది. స్లాష్‌లో వచ్చే ఎక్స్‌ఎల్-5 ఈఎస్సీలో లైపో మోడ్ ఉంది, దాన్ని ఆన్ చేశాకే లైపో పెట్టు, లేకపోతే బ్యాటరీ ఎప్పుడు అయిపోయిందో దానికి తెలియక లోపలిదాకా పీల్చేస్తుంది.

రెండోది రేడియో. కారుతో వచ్చే చవక రిమోట్‌లో స్టీరింగ్ ఎంతవరకు తిరగాలి, బ్రేకు ఎంత పట్టాలి అన్నవి సరిగ్గా సర్దుకోవడానికి ఉండదు. ఫ్లైస్కై లాంటి కంపెనీల మధ్యరకం రేడియో కొంటే ఆ సర్దుబాట్లు ఉంటాయి, రేపు కిట్టు కొన్నా అదే రేడియోకి కొత్త రిసీవర్ పెట్టుకోవచ్చు. చూశావా, నువ్వడిగిన "ఒకేసారి మంచిది" అన్నది వర్తించేది వీటికి. చార్జరు, రేడియో, మంచి హెక్స్ డ్రైవర్లు, ఇవి ఏ కారుకి మారినా నీతోనే వస్తాయి. కొన్ని రేడియోల్లో గైరో ఉంటుంది, కారు జారితే అదే సరిచేస్తుంది. చాలా పోటీల నియమాల్లో అది నిషేధం, మీరూ ఆపేసే నేర్చుకోండి.

మూడోది టైర్లు. ఖరీదైన కారుకి చెత్త టైర్లు వేసి, చవక కారుకి ఆ మట్టికి తగ్గ టైర్లు వేసి వదిలితే చవకదే ముందుంటుంది, ఇందులో నాకు అనుమానమే లేదు. పొద్దున్న తడి మట్టికి వెనక పొడుగు ముళ్లున్న టైరు, ఎండిపోయి గట్టిపడ్డాక మెత్తటి రబ్బరుతో పొట్టి ముళ్లు దగ్గరదగ్గరగా ఉన్న టైరు, ముందు నిలువు గీతల రిబ్ టైరు. మొదట వెనకకి ఆ రెండు రకాల జతలు, ముందుకి ఆ రిబ్ జత చాలు. స్లాష్ టూ వీల్ డ్రైవ్‌లో ముందు రిమ్ములకీ వెనక రిమ్ములకీ ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందనేది) వేరు, ఆర్డర్‌లో అది చూసుకో, చాలామంది నాలుగూ ఒకటే తెప్పించి తిట్టుకుంటారు.

కారు వచ్చాక చేయాల్సినవి ఎక్కువ లేవు. షాకుల లోపల పిస్టన్ కింద చిన్న స్పేసర్లు వేసి నాలుగు మూలలూ కిందికి దించు. మన వేసవిలో షాక్ ఆయిల్ పలచబడుతుంది, కాబట్టి అమెరికావాళ్లు చెప్పిన దానికంటే ఒక మెట్టు చిక్కటిది వెయ్. డిఫ్ విప్పి చిక్కటి గ్రీజు నింపితే లోపలి చక్రం ఊరికే గిర్రున తిరిగే బాధ తగ్గుతుంది. కేంబర్ ఓవల్‌కి తగ్గట్టు మార్చు. ముందు రెండు చక్రాల పై అంచులూ ఎడమకే వాలాలి, అంటే కుడి చక్రం కారు లోపలికి, ఎడమ చక్రం బయటికి. ఎదురుగా నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకేవైపు ఒరిగి కనపడాలి, కొత్తవాళ్లకి అది యాక్సిడెంట్ అయిన కారులా ఉంటుంది, కంగారుపడకు.

బరువు సంగతికి ఖరీదైన సామాను అక్కర్లేదు. వంటింట్లో వాడే డిజిటల్ కాటాలు నాలుగు, ఒక్కో చక్రం కింద ఒకటి, చదునైన గచ్చు మీద. స్లాష్ బరువు రెండు కిలోల పైచిలుకు, ఆ కాటాలు హాయిగా తట్టుకుంటాయి. ఎడమవైపు సగానికంటే కాస్త ఎక్కువ రావాలి. స్లాష్‌లో బ్యాటరీ మధ్యలో కూర్చుంటుంది, జరపడానికి లేదు, అందుకని వీల్ బ్యాలెన్సింగ్ షాపులో రిమ్ముకి అంటించే 5 గ్రాములు, 10 గ్రాముల బిళ్లలు అడిగి తెచ్చి ఎడమ పక్క లోపలివైపు అంటించు. తర్వాత కుడి ముందు, ఎడమ వెనక, ఈ రెండు కాటాల అంకెలు కలిపి చూడు. ఆ మొత్తం పెరిగితే కారు మలుపులో తిరగకుండా బయటికి పోతుంది, తగ్గితే వెనక తొందరగా జారుతుంది. ఎడమ వెనక షాకు స్ప్రింగు కింద ఒక క్లిప్పు పెట్టావంటే ఆ మొత్తం పెరిగిపోవడం కాటా మీదే కనపడుతుంది. ఒక్క క్లిప్పు పెట్టు, ఒక బ్యాటరీ తిప్పు, తీసేసి ఇంకో బ్యాటరీ తిప్పు. ఖరీదైన కారు నేర్పే పాఠం ఇదే, అది ఈ కాటాల మీద చవకలో వస్తుంది.

డబ్బు తగలెయ్యకూడని చోటు రంగురంగుల అల్యూమినియం పార్టులు. ప్లాస్టిక్ ఆర్మ్ దెబ్బకి వంగి మళ్లీ నిలబడుతుంది, లేదా విరుగుతుంది, విరిగితే చవకే. అల్యూమినియం ఆర్మ్ వంగి అలాగే ఉండిపోతుంది, నువ్వు గమనించవు, కారు ఎందుకో సరిగ్గా పోవట్లేదని వారం రోజులు బుర్ర గోక్కుంటావు. దెబ్బ కూడా అక్కడ ఆగకుండా లోపల ఇంకో ఖరీదైన పార్టుకి వెళ్తుంది. స్టీరింగ్ సర్వో మాత్రం మెటల్ గేర్లది మార్చు, అది లెక్కలో ఉన్న ఖర్చు. పెద్ద బ్రష్‌లెస్ మోటారు, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ అంటూ వెంటనే వెళ్లకు. చేలో మీరు వేసే చిన్న ఓవల్లో ల్యాపు నాలుగైదు సెకన్లు, ఆ వేగాన్ని వాడుకోవడానికి చోటెక్కడుంది? నలుగురూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి: పెట్టెలో వచ్చిన మోటారే, అందరికీ ఒకే రకం టైర్లు, 2ఎస్ మాత్రమే. ఎవడైనా అది దాటితే ఆ రోజు ట్రాకుకి నీళ్లు వాడే కొట్టాలి. అమెరికాలో కూడా 17.5 టర్న్ మోటార్లు (తీగ చుట్ల లెక్కతో వేగానికి హద్దు పెట్టినవి), ఈఎస్సీ అదనపు టైమింగ్‌తో మోటారు వేగం పెంచకుండా ఆపే బ్లింకీ మోడ్, ఇలాంటి నియమాలు పెట్టుకున్నది ఈ ఖర్చు పోటీని ఆపడానికే.

రోజూ చూసుకోవాల్సినవి రెండు. ఒకటి వేడి. మోటారు మీద చెయ్యి పెట్టి అంచనా వేయడం కాదు, చవక టెంపరేచర్ గన్ ఒకటి కొనండి. బ్రష్‌లెస్ అయితే 80 డిగ్రీలు దాటనివ్వకు, అయస్కాంతం బలం పోతుంది. వేడెక్కుతుంటే పినియన్‌ని (మోటారు కొసకి ఉండే చిన్న పళ్ల చక్రాన్ని) ఒకటి రెండు పళ్లు తక్కువది వెయ్. రెండోది బేరింగులు. స్లాష్ చక్రాలకి 5 బై 11 బై 4 మిల్లీమీటర్ల బేరింగులు, రాజమండ్రిలో బేరింగ్ షాపులో అడిగినా దొరికే సైజు. రబ్బరు సీలు ఉన్నవి తీసుకో. నర్సాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలికి స్టీలు స్క్రూలే తుప్పు పడతాయి, బేరింగు ఎంత? ఇంటికెళ్లాక బురద పైపుతో కడగకు, ఆరనిచ్చి బ్రష్షుతో దులుపు. తర్వాత చక్రం తీసి బేరింగు లోపలి రింగుని గోటితో తిప్పి చూడు, నున్నగా జారితే సరే, గరగరలాడితే మార్చెయ్. బాల్ డిఫ్ ఉన్న ఖరీదైన కారుకి ఈ దుమ్ములో ఇంకో పని ఉంటుంది, దాన్ని తరచూ విప్పి శుభ్రం చేసి బాల్స్ చూసుకోవాలి. ఇది ఇష్టమైనవాడికి సరదా, ఇష్టం లేనివాడికి నరకం. పాత అమెరికన్ డిజైన్ల కార్లు సెకండ్ హ్యాండ్‌లో కొంటే అంగుళం కొలత స్క్రూలు వస్తాయి, అవి మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరకవు, అది కూడా గుర్తుపెట్టుకో.

మరి ఖరీదైన కారు ఎప్పుడు కొనాలి? ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని పక్కన ఒకణ్ణి నిలబెట్టి వరసగా పది ల్యాపులు రాయించు. అవన్నీ ఒకదానికొకటి రెండు మూడు పదో వంతుల లోపలే పడుతుంటే, కారులో ఒక క్లిప్పు మార్చగానే చూడకుండానే తేడా చెప్పగలుగుతుంటే, ట్రాకు కూడా గంటసేపు ఒకేలా ఉండేలా మీరు చూసుకోగలుగుతుంటే, అప్పుడు కొను. అప్పుడు కూడా నేరుగా కిట్టుకి వెళ్లక్కర్లేదు. మధ్యలో ఒక మెట్టు ఉంది. టీమ్ అసోసియేటెడ్ ఎస్ఆర్10, లోసి 22ఎస్ స్ప్రింట్ లాంటివి ఫ్యాక్టరీలోనే డర్ట్ ఓవల్ కోసం చేసినవి, మోటారు, రేడియో అన్నీ అమర్చి వస్తాయి, బగ్గీ రేసుల నుంచి వచ్చిన గట్టి పార్టులు. నన్నడిగితే సీరియస్‌గా ఆడేవాడికి డబ్బుకి తగ్గ ఫలితం వచ్చేది ఈ మధ్య మెట్టులోనే. స్ప్రింట్ కారు మాత్రం చూసి కొనండి. నెత్తిన రెక్కతో చూడటానికి భలే ఉంటుంది గాని చక్రాలు బయటికి ఉంటాయి, కొత్తవాళ్లు నలుగురు పక్కపక్కన వెళ్తే చక్రం చక్రం తగులుకుని కారు గాల్లోకి లేస్తుంది. చుట్టూ బాడీ ఉన్న లేట్ మోడల్, స్ట్రీట్ స్టాక్ రకాలు ఒరుసుకున్నా బతుకుతాయి.

కస్టమ్ వర్క్స్ కిట్టే కావాలన్న మీ స్నేహితుడి సంగతి. అతను ఒక్కడూ అది కొని మిగతా ముగ్గురూ స్లాష్‌లు కొంటే ఏమవుతుందో చెప్పనా, మొదటివారం అతను ఒక్కడే ముందు పోతాడు, రెండోవారం పార్టు కోసం ఎదురుచూస్తూ గట్టుమీద కూర్చుంటాడు, మూడోవారం మీకు అతనితో రేసు బోరు కొడుతుంది. అతనికి అంత ఇష్టమైతే ఇప్పుడు స్లాష్ కొని మీతో తిప్పమను, కిట్టు కోసం డబ్బు పక్కన పెట్టుకోమను, వర్షాకాలంలో చేలు నీళ్లలో ఉంటాయి కాబట్టి ఎలాగూ ట్రాకు ఉండదు, అప్పుడు తెప్పించుకుని ఇంట్లో కూర్చుని తీరిగ్గా బిగించుకోవచ్చు. స్లాష్ అమ్ముకోవడానికి ఇబ్బంది ఉండదు, కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మీరు చూసిన చేను ఎక్కడో, పక్కన బోరు ఉందో కాలవ నీళ్లేనో రాయి. ఆ మట్టి గుప్పెడు తడిపి ముద్ద చేసి ఎండబెట్టి, అది నెర్రె విచ్చిందో, వేళ్లతో నలిపితే పొడైందో ఫోటో పెట్టు. టైరు ఏ ముళ్లది తీసుకోవాలో అది చూశాక చెప్తాను, అప్పటిదాకా టైర్లు ఆర్డర్ పెట్టకండి.